షాందోర్ రోజా: పాటలో చోటులేని గ్రామం

బందిపోటు వీరుల కథలను మన అభ్యుదయ విమర్శకులు రెండు రకాలుగా చదువుతున్నారు. కొందరు వాటిని తిరుగుబాటు చరిత్రగా నెత్తికెత్తుకుంటారు. మరికొందరు కోర్టు రికార్డులు ముందుపెట్టి 'వట్టి దొంగ' అని తేల్చేస్తారు. హంగరీ జానపద వీరుడు షాందోర్ రోజా (1813-1878) విషయంలో ఈ రెండూ చాలవని నా అభిప్రాయం.

ఇటువంటివారిని ఆ దేశంలో 'బెత్యార్' అంటారు. పారశీకంలోని 'బేకార్' తుర్కీ మీదుగా, దక్షిణ స్లావుల నోట నలిగి అక్కడికి చేరిందని భాషావేత్తలు చెబుతారు. మన ఊళ్ళో చీదరింపుగా అనే మాట అక్కడ పాటలకెక్కింది! ప్రభువుల విశాలమైన పచ్చిక బీళ్ళు, వాటిలో కూలికి పశువులు కాసేవాళ్ళు, సైన్యంనుంచి పారిపోయిన పడుచువాళ్ళు - బెత్యార్ పుట్టిన నేల ఇది. సెగెద్ ప్రాంతంవాడైన రోజా 1836లో జైలుకు వెళ్ళింది పశువుల దొంగతనానికి, విప్లవానికి కాదు.

1848లో విప్లవ ప్రభుత్వం అతనికి క్షమాభిక్ష ఇచ్చి, సుమారు 150 మంది రౌతులతో యుద్ధానికి పంపింది. కొరడాలు విసిరి శత్రువులను గుర్రాలమీదనుంచి లాగిపడేశారని కథ ఇక్కడే ఉప్పొంగుతుంది. కాని ఆ దళమే ఎజెరెష్ అనే రుమేనియన్ గ్రామాన్ని దోచింది, గ్రామస్థులను చంపింది. దళాన్ని రద్దు చేయవలసివచ్చింది. చచ్చినవాళ్ళూ పల్లె జనమే; భాష మాత్రం వేరు. ఈ గ్రామాన్ని దాటవేసి రోజాను వర్గపోరాట యోధుడనడం విమర్శ కాదు, భజన.

మరి కథ ఎందుకు చావలేదు? 1848లో అర్ధబానిసత్వం రద్దయినా, భూమిలేనివాడికి భూమి రాలేదు. 1849లో విప్లవం ఓడింది. హాప్స్‌బర్గ్ పాలకులకు 1857 దాకా చిక్కనివాడు ఒక్కడున్నాడు. ఆ చిక్కకపోవడమే జనానికి కావలసింది. పంచిపెట్టాడా లేదా అన్నది తర్వాతి సంగతి.

1868లో విడుదలై, రైలు దోపిడీకి పూనుకొని, 1869లో కమిషనర్ రాదాయ్ చేతికి చిక్కి, చివరకు జైల్లోనే చనిపోయాడు.

ఈ పేరుకున్న బలాన్ని పట్టుకున్నవాడు మిక్లోష్ యాంచో. 1966లో వచ్చిన అతని సినిమా హంగేరియన్ పేరుకు 'పేద కుర్రాళ్ళు' అని అర్థం. అందులో రోజా తెరమీద కనిపించనే కనిపించడు. ఉన్నది నిర్బంధ శిబిరం, ఒకరిచేత ఒకరిని పట్టించే అధికారులు. చివర రోజాకు క్షమాభిక్ష అని ప్రకటిస్తారు. బందీలు సంతోషంతో కేకలు వేస్తారు. వెంటనే రెండో వాక్యం చదువుతారు: అతని వెంట నడిచినవారికి మాత్రం శిక్ష తప్పదు.