దద్దురు చుట్టూ గీత

పసిబిడ్డ యొడలు తెల్లవారునప్పటికి దద్దురులతో నిండి, కనురెప్పలు వాచి, పెదవి ఉబ్బి కనబడెనా, వెలిగొండల చేరువనున్న మా సీతారామపురము వైపున అవ్వ మొదట అడుగునది, "రాత్రి బిడ్డకేం పెట్టినావే?" అనియే. వంకాయయో, గుడ్డో, ఎండుచేపయో 'పడలేదు' అని తీర్పు వెలువడును. ఆ యింట దానికి ఏండ్ల తరబడి బహిష్కారము. పిదప గొంగళి దించి వీపు రాచుదురు.

ఆహారము పడకపోయిన దద్దురులు సాధారణముగా తిన్న నిమిషములలో, మహా అయిన రెండు గంటలలోపల పొడసూపును గాని, రాత్రి భోజనమునకు ఉదయమున బదులు చెప్పుట అరుదు. పసివారిలో తరచు కనబడు హేతువు జలుబో జ్వరమో తెచ్చిన వైరసు. ఆ జ్వరమునకే ఇచ్చిన అమాక్సిసిలిన్ వంటి మందు కూడ అదే సమయమున కడుపులో బడుటచే నేరము దానిపై మోపబడును. వైద్యుడు తేల్చువరకు దానిని మానుట సరియే గాని, ఎవరును తేల్చకయే 'ఈ బిడ్డకు ఆ మందు పడదు' అను ముద్ర ముదిమిదాక వెంటనుండుట, వంకాయకు జరిగినదానికంటె పెద్ద అన్యాయముగా నాకు తోచును.

ఆయుర్వేద గ్రంథమైన మాధవనిదానము శీతపిత్తమునకు, అనగా ఈ దద్దురులకు, చలిగాలి తాకిడిని హేతువుగా చెప్పినది గనుక గొంగళి వెచ్చదనమునకు కొంత శాస్త్రపు అండ గలదందురేమో. రాపిడి మాట వేరు. గట్టిగా గీరిన చర్మమున ఎఱ్ఱని చార, దాని చుట్టు ఎఱుపు, ఆపై ఉబ్బు పుట్టు క్రమమును వైద్యశాస్త్రజ్ఞుడు థామస్ లూయిస్ 1927లో వివరించెను. మాస్టు కణములు విడుచు హిస్టమిన్ వలన రక్తనాళములనుండి ఊరిన ద్రవమే ఆ ఉబ్బు. కావున గొంగళి ఉన్న దద్దురును అణపకపోగా కొత్తదానిని లేపును. ఐనను ఆ నెపమున అవ్వ బిడ్డను కనిపెట్టుకొని గంటసేపు కూర్చుండును. ఆ కూర్చుండుటను నేను కాదనను.

వైద్యము చేయునాళ్లలో అట్టి అవ్వల చేతికి బాల్‌పెన్ను ఇచ్చి, ఒక దద్దురు చుట్టూ గీత గీయుమంటిని. అసలు దద్దురైనచో ఇరువదినాలుగు గంటలలో గీతలో మాయమై మరొకచోట మొలచును. అచటనే నిలిచి నొప్పిపెట్టినను, కమిలిన మచ్చ మిగిల్చినను అది వేరు వ్యాధి. దురదకు వైద్యుడు చెప్పిన మోతాదున సెట్రిజిన్ సిరప్పు చాలును. బిడ్డను మగతలో ముంచు పాత అవిల్ నాకు నచ్చదు.

కాని గొంతు బొంగురుపోయినను, ఊపిరి పిల్లికూతలు కూసినను, వాంతులు మాటిమాటికి అయినను, బిడ్డ సోలిపోయినను సిరప్పుతో కాలయాపన తగదు. తొడకండరమున అడ్రినలిన్ సూది పడవలసినదే. 108 వాహనము వచ్చులోపల బిడ్డను భుజాన నిలువుగా వేసుకొని పరుగెత్తుట మనవారి అలవాటు. అది తగదు; వెల్లకిల పరుండబెట్టవలెను, ఊపిరాడక ఆయాసపడుచున్నచో మాత్రము ఒడిలో కూర్చుండబెట్టవలెను.