లాగుడు రంపం

బెళుగుప్ప మండలంలో ఈమధ్య ఏ ఊరికి పోయినా ఎక్కడో ఒకచోట పాత మిద్దె కూలుస్తూ కనబడుతున్నారు. పైన పరిచిన చౌడుమన్ను ముందు దిగుతుంది. దాని కింద దూలాలు, దంతెలు, స్తంభాలు ఒక్కొక్కటే బయటపడతాయి. కలిగినవాళ్ళ మిద్దెలో టేకు, లేనివాళ్ళ మిద్దెలో వేప, తుమ్మ. కట్టబోయే సిమెంటు ఇంట్లో ఆ కర్రకు చోటు ఉండదు. కొంత పొయ్యిలోకి పోతుంది, కొంత ట్రాక్టరెక్కి పాతకర్ర కొనేవాళ్ళ దగ్గరికి పోతుంది. పొయ్యిలోకి పోయేదాన్ని చూస్తే బాధే. మిగిలిన కర్రను మనం కోసే తీరు చూస్తే అంతకన్నా ఎక్కువ బాధ.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. అదీ అదనుకు పడదు. ఇక్కడ వేపమాను దూలానికి అక్కరకొచ్చేంత లావు కావాలంటే నాటినవాడికి కాదు, వాడి పిల్లలకు దక్కుతుంది. అలాంటి కర్రను కరెంటు రంపానికి పెడితే ఒక్కో కోతకు దాదాపు మూడు మిల్లీమీటర్లు పొట్టయిపోతుంది. ఎనిమిది కోతలు పడితే అంగుళం కర్ర నేలపాలు. అర మిల్లీమీటరు గాడి తీసే చేతిరంపంతో అవే ఎనిమిది కోతలకు పోయేది నాలుగు మిల్లీమీటర్లు. అన్ని కోతలూ చేత్తో కాదు, నిజమే. దూలాన్ని పలకలుగా చీల్చాలంటే మిల్లుకే పోవాలి. అయితే కిటికీ చట్రానికి కుసి (బెజ్జంలో దిగే కొస) తీసేటప్పుడు, సొరుగు మూలలు కలిపేటప్పుడు, పాత తలుపులో చెదలు తిన్నంత మేర తీసేసి కొత్త ముక్క అతికేటప్పుడు ఆ పల్చటి రంపానికి సాటి వచ్చే పనిముట్టు నేనింతవరకు చూడలేదు.

అది జపాన్ రంపం. మన అంగళ్ళలో ఇప్పుడు దొరికే చేతిరంపాలు ఎక్కువగా తోసినప్పుడు కోస్తాయి. ఇది లాగినప్పుడు కోస్తుంది. పళ్ళన్నీ పిడివైపు తిరిగి ఉంటాయి. ర్యోబా అనేదానికి రెండు అంచులా పళ్ళే, ఒక అంచు నార వెంట చీల్చడానికి, రెండోది నారకు అడ్డంగా కోయడానికి. డొజుకి అనేదానికి వీపున గట్టి పట్టీ ఉంటుంది, రేకు మాత్రం అన్నిటికన్నా పల్చన. కుసులు తీయడానికి అదే. కటాబాకు ఒక అంచే, పట్టీ ఉండదు కాబట్టి ఎంత లోతుకైనా దిగుతుంది.

మొదటిసారి మా ఊరి పెద్దాచారి చేతికి డొజుకి ఇచ్చినప్పుడు ఆయన రేకును గోటితో మీటి చూశాడు. "ఇది గడ్డం గీసుకునే బ్లేడు మాదిరి ఉంది గదా సార్, కర్రలో నిలుస్తాదా?" అన్నాడు. లాగితేనే కోస్తుందని చెప్పేసరికి ఇంకేమీ అడగలేదు. "ఓ, ఇద్దరి రంపం లెక్కన," అన్నాడు. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతి ఆయన ఆ ఒక్క మాటలో తేల్చేశాడు.

మాను పడగొట్టాక మొద్దులు కోసే పొడుగు రంపాన్ని చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. అటొకరు, ఇటొకరు కూర్చుంటారు. ఎవరి వంతుకు వాళ్ళు లాగుతారు. అవతలివాడు లాగేటప్పుడు ఇవతలివాడు చేయి వదులు చేయాలి. ఆత్రంకొద్దీ తోశాడా, రేకు మెలిక పడి గాడిలో ఇరుక్కుంటుంది. కొత్తవాణ్ణి కూర్చోబెట్టినప్పుడు పెద్దవాళ్ళు కసిరేది దీనికే. పల్చటి ఉక్కు తోపును ఓర్చుకోలేదు, వంగిపోతుంది. లాగితే మాత్రం బిగిసి తిన్నగా నిలుస్తుంది. తోసే రంపం వంగకుండా ఉండాలంటే రేకు మందం పెంచాలి. మందం పెరిగితే గాడి వెడల్పవుతుంది, గాడి వెడల్పయితే బలం ఎక్కువ పెట్టాలి, బలం పెడితే చేయి గీత తప్పుతుంది. లాగే రంపానికి ఈ తిప్పలేవీ లేవు. వెల్డింగు షాపులో ఇనుము కోసే హ్యాక్‌సా బ్లేడు మిల్లీమీటరు మందం కూడా లేకుండా పనిచేస్తోందంటే ఇదే కారణం, చట్రంలో మరబిగించి లాగి పెట్టారు కాబట్టి.

లాగి కోయడం జపాన్‌వాళ్ళ సొత్తేమీ కాదు. పురాతన ఈజిప్టు వడ్రంగుల రాగి రంపాలు లాగితే కోసేవే. మన దేశంలోనూ పిడివైపు పళ్ళు తిరిగిన నాటు రంపాలు ఉండేవి. కూర్చునే తీరుకూ దీనికీ సంబంధం ఉందని నాకనిపిస్తుంది. ఎత్తు బల్ల మీద కర్రను బిగించి నిలబడి పనిచేసేవాడికి ఒంటి బరువంతా ముందుకు వేసి తోయడం సులువు. నేల మీద కూర్చుని, కర్రను కాలితో అదిమిపట్టి పనిచేసేవాడికి తనవైపు లాక్కోవడం సులువు. జపాన్ వడ్రంగీ మన ఆచారీ ఇద్దరూ కింద కూర్చునేవాళ్ళే. రంగులో ముంచిన దారం బిగలాగి కర్ర మీద కొట్టి తిన్నటి గీత తీయడం వాళ్ళకూ ఉంది, మనకూ ఉంది.

ఇక కోత సంగతి. పెన్సిలు గీతతో ఈ రంపం వాడటం దండగ. పెన్సిలు గీత మందమే ఇంచుమించు ఈ రంపపు గాడంత ఉంటుంది. కాబట్టి మూలమట్టం ఆనించి పదునైన కత్తితో గీత గీయాలి, నాలుగు ముఖాల మీదా. కత్తి గీతలో నార ముందే తెగి ఉంటుంది, రంపం అంచును చీల్చదు. ఎడమచేతి బొటనవేలి గోరు గీత పక్కన ఆనించి, రేకును దానికి తాకించి, పిడి దగ్గరి పళ్ళతో చిన్నగా ఒకటి రెండుసార్లు లాగాలి. ర్యోబాలో చీల్చే అంచున పిడి దగ్గర పళ్ళు సన్నగా ఉండి కొసకు పోయేకొద్దీ పెద్దవవుతాయి, కోత మొదలుపెట్టడానికే ఆ ఏర్పాటు. గాడి పడ్డాక రేకు నిడివంతా వాడుతూ పొడుగ్గా లాగాలి. కిందికి నొక్కకూడదు. ముందుకు పోయేటప్పుడు ఊరికే జారనివ్వాలి. కళ్ళు, రేకు, గీత మూడూ ఒకే వరసలో ఉండాలి, తల ఒక పక్కకు వాలితే కోత కూడా వాలుతుంది. అవతలి ముఖం మీద ఏమవుతోందో కనబడదు కాబట్టి ఒక మూల నుంచి ఏటవాలుగా దించి, కర్ర తిప్పి, రెండో ముఖం నుంచి అంతే దించాలి. అప్పుడు మధ్యలో మిగిలిన దాన్ని రెండు గాళ్ళూ దారి చూపిస్తుంటే తీసేయొచ్చు. గీతకు ఏ పక్క కోస్తున్నామో మొదటే తేల్చుకోవాలి. పారేసే ముక్క వైపే గాడి పడాలి. అర మిల్లీమీటరు అటు పడితే కుసి వదులు.

ఇలా తీసిన కుసికి మళ్ళీ ఉలితో పని ఉండదు. రంపం వదిలిన ముఖమే నున్నగా ఉంటుంది, నేరుగా బెజ్జంలోకి పోతుంది. సుత్తి పిడితో రెండు దెబ్బలు వేస్తే బిగుస్తుంది. మన ఎండలకు ఇది చాలా ముఖ్యం. మే నెలలో కర్ర ఎండి కుంచించుకుపోయినప్పుడు, ముందే వదులుగా ఉన్న కుసి ఊగడం మొదలుపెడుతుంది. అందుకే మేకులు కొడతారు, మేకు కొట్టినచోట నెర్రె ఇస్తుంది. మొదటే బిగుతుగా కూర్చున్న కుసి ఆ ఎండను చాలావరకు తట్టుకుంటుంది.

ఒక ఇబ్బంది చెప్పాలి. పొట్టు మనవైపే వస్తుంది, వచ్చి గీతను కప్పేస్తుంది. మాటిమాటికీ ఊదుతుండాలి. ఆషాఢంలో ఈ మెట్ట మీద గాలిమరలన్నీ తిరిగే గాలికి ఎదురుగా కూర్చుంటే ఆ పొట్టంతా కళ్ళలోకే. గాలి పక్కనుంచి తగిలేలా కూర్చోవడం మేలు.

ఈ రంపాలు ఎక్కువగా తయారయ్యే ఊళ్ళలో ఒకటి హ్యోగో రాష్ట్రంలోని మికి. 1578 నుంచి 1580 దాకా హిదెయొషి అనే సేనాధిపతి బలగాలు అక్కడి కోటను ముట్టడించాయి. నాశనమైన ఊరిని తిరిగి కట్టడానికి చేరిన వడ్రంగులు, కమ్మర్లతోనే ఆ పనిముట్ల పరిశ్రమ మొదలైందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కానీ జపాన్ గురించి నన్ను అంతకన్నా ఎక్కువగా పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. ఇసె అనే చోట ఉన్న మహాక్షేత్రాన్ని ఇరవై ఏళ్ళకోసారి పూర్తిగా కొత్త కర్రతో పక్కస్థలంలో తిరిగి కడతారు. 2013లో కట్టింది 62వ సారి. విప్పిన పాత కర్రను తగలబెట్టరు. దేశంలోని వేరే గుళ్ళకు పంచుతారు, అక్కడ దాన్ని మళ్ళీ కోసి వాడుకుంటారు. కొండల నిండా అడవి ఉన్న దేశం అది. వాళ్ళే పాత కర్రను అంత జాగ్రత్తగా చూసుకుంటుంటే, బెళుగుప్పలో మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

మన కర్రకూ వాళ్ళ రంపానికీ ముందునుంచే ఒక చుట్టరికం ఉంది. షమిసెన్ అనే మూడు తంత్రుల వాద్యానికి మేలైన కాండం ఎర్రచందనంతో చేస్తారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన శేషాచలం, వెలిగొండ, లంకమల కొండల్లో. ఆ కాండం మూడు ముక్కలు. విప్పి సంచిలో పెట్టుకోవచ్చు, మళ్ళీ కలిపితే అతుకు వేలికి తగలకూడదు. నీళ్ళలో మునిగేంత బరువైన కర్రలో అంత సన్నటి అతుకు తీయగలిగినవాళ్ళ చేతిపని ఎలాంటిదో ఊహించండి. 1995 నుంచి ఎర్రచందనం వ్యాపారం మీద అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కింద ఆంక్షలున్నాయి. ఉండాల్సినవే. మన కొండల్లో జరిగిన నరుకుడు మనకు తెలియనిది కాదు.

అయితే జపాన్ రంపం పుట్టింది దేవదారు లాంటి మెత్తటి కర్రల కోసం. దాని పళ్ళు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వేపలో నార ఒక వరస ఇటు, ఒక వరస అటు అల్లుకుని ఉంటుంది. తుమ్మ సంగతి చెప్పనక్కరలేదు, బండి చక్రానికీ మడకకూ దాన్ని ఎంచుకున్నదే దాని గట్టితనం చూసి. ఎండిన తుమ్మలో తొందరపడితే పళ్ళు విరుగుతాయి. పాత కర్రలో ఇంకా పెద్ద ముప్పు మేకులు. పైన తల విరిగిపోయి లోపల కాండం మిగిలిన మేకు కంటికి కనబడదు, ఒక్క లాగుకు వరసగా పళ్ళు పోతాయి. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి దూలం పొడుగునా ఆడిస్తాను. అది కర్రవైపు గుంజినచోట సుద్దతో గుర్తు పెడతాను. ఈ పని చేయకుండా పాత కర్ర మీద రంపం పెట్టనే పెట్టకూడదు.

పన్ను పోతే ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. ఇప్పుడు వచ్చే రంపాల్లో చాలావాటికి పళ్ళ కొసలను అధిక పౌనఃపున్యపు విద్యుత్తుతో క్షణంలో కాల్చి గట్టిపరుస్తారు. కొసల దగ్గర నల్లటి మచ్చ కనబడుతుంది. చాలాకాలం పదును పోదు, కానీ పోయాక ఆకురాయి దాన్ని తాకలేదు. రేకు ఊడదీసి పారేసి కొత్తది వేసుకోవాల్సిందే. ఒసాకాలో ఉన్నవాడికి అది సుఖం. బెళుగుప్పలో ఉన్నవాడు ఆ రేకు కోసం ఊళ్ళు పట్టుకు తిరగాలి. మనకు కావలసింది పళ్ళు గట్టిపరచని రేకు, సన్నటి వజ్రాకారపు ఆకురాయి. జపాన్‌లోనూ పాతకాలం రంపాలకు అంతే. పళ్ళు తీర్చడమే వృత్తిగా బతికే పనివాళ్ళు వేరుగా ఉండేవారు, ఇప్పుడు వాళ్ళు బాగా తగ్గిపోయారు.

మనకు ఆ పనివాడు ఊళ్ళోనే ఉన్నాడు. తన రంపం పళ్ళు తాను తీసుకోని ఆచారి మా సీమలో లేడు. పెద్దాచారి విత్తనం వేసే గొర్రు చేసిన మనిషి. జడ్డిగంలో వేసిన గింజ అన్ని గొట్టాల్లోకీ సమంగా రాలకపోతే చేను ఒకచోట ఒత్తుగా, ఒకచోట పల్చగా మొలుస్తుంది, కళ్ళంలో మేర (పనికి ప్రతిఫలంగా ఇచ్చే గింజలు) అడగడానికి పోయినప్పుడు రైతు ముఖం మీదే అంటాడు. అలాంటి కన్ను ఉన్నవాడికి జపాన్ పన్ను కష్టం కాదు. నారకు అడ్డంగా కోసే ప్రతి పంటికీ మూడు వాలులు, మనవాళ్ళు పెట్టే రెండింటికన్నా ఒకటి ఎక్కువ, అంతే. ట్రాక్టరు గొర్రులు వచ్చాక ఆయనకు పని తగ్గింది, చేయి మాత్రం తగ్గలేదు. జీడిపల్లి రిజర్వాయరుకు హంద్రీనీవా నీళ్ళొచ్చాక చుట్టుపక్కల కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, వాటికి తలుపులూ కిటికీలూ కావాలి. అవి ప్లాస్టిక్‌వి కావడానికి కారణం కర్ర లేకపోవడం ఒక్కటే కాదు. ఉన్న కర్రను ఒద్దికగా కోసేవాళ్ళకు పని చెప్పకపోవడం కూడా. కల్యాణదుర్గం, ఉరవకొండ ఇనుప సామాన్ల అంగళ్ళవాళ్ళు ఆ సన్నటి ఆకురాళ్ళు నాలుగు తెప్పించి పెడితే కొనేవాళ్ళను నేను తీసుకొస్తాను.

అవి వచ్చేదాకా పెద్దాచారి ఊరుకోలేదు. వీపున ఇత్తడి పట్టీ ఉన్న తన పాత చిన్న రంపం పళ్ళను పూర్తిగా అరగదీసి, పిడివైపు తిప్పి కొత్త పళ్ళు తీశాడు, ఉన్న మూడుపలకల ఆకురాయితోనే. వేపలో చక్కగా పోతోంది, కుసి ముఖం నున్నగానే వస్తోంది. ఎండు తుమ్మలో మాత్రం సగం దిగాక పట్టేస్తోంది. పళ్ళకు అటూఇటూ ఇచ్చిన వంపు చాల్లేదని ఆయన అంటాడు, పన్ను ఎత్తు ఎక్కువైందని నేనంటాను. వచ్చే వారం పళ్ళు కాస్త పొట్టిగా తీసి చూస్తానన్నాడు.