ఎక్కువ ప్రోటీన్ ఎవరికి?

ఇప్పుడు ఏ సూపర్ మార్కెట్‌కు వెళ్లినా ప్రోటీన్ అన్న మాట కనబడని అర లేదు. బిస్కెట్ల మీద, పాల ప్యాకెట్ల మీద, చివరికి దోసెపిండి సంచుల మీద కూడా గ్రాముల లెక్క పెద్దక్షరాల్లో అచ్చవుతోంది. జిమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి డంబెల్ పట్టుకోవడం సరిగ్గా రాకముందే పౌడర్ డబ్బా సంగతి చెబుతున్నారు. ఇంకోవైపు, అంత ప్రోటీన్ తింటే కిడ్నీలు పాడైపోతాయని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. మంచిదా, చెడ్డదా అని ఈ రెండు పక్షాలూ ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నాయి. ఎవరికి అన్నది తేల్చకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదన్నది నా అభిప్రాయం. ఎక్కువ ప్రోటీన్ నిజంగా అవసరమైనవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు, వాళ్ల కంచంలో అది పడటం లేదు. అంతగా అక్కర్లేనివాళ్లు డబ్బు పోసి కొని తాగుతున్నారు. తాగకూడనివాళ్లు కొందరు, ఆ సంగతి తమకే తెలియక, వాళ్లతో కలిసి తాగుతున్నారు.

ముందు లెక్క చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. నిజానికి సగటు అవసరం 0.66 గ్రాములే. మనిషికీ మనిషికీ ఉండే తేడాలను లెక్కలోకి తీసుకుని, దాదాపు అందరికీ సరిపోయేలా పెంచి చెప్పిన అంకె 0.83. ఆ ప్రకారం 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు కావాలి. రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం వండుకు తినేవాళ్లకు అన్నంలోనే దాదాపు 30 గ్రాములు వచ్చేస్తాయి. కాకపోతే బియ్యపు ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. అది పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో కొరవడిన మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. అందుకే పప్పన్నం, పొంగలి, ఇడ్లీ వంటివాటిలో ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. 75 గ్రాముల కందిపప్పుతో 16 గ్రాములు, ఒక గుడ్డుతో 6, గిన్నెడు పెరుగుతో మరో 6 కలిపితే ఏ డబ్బా తెరవకుండానే 58 గ్రాములవుతుంది. చిక్కంతా ఆ 75 గ్రాముల పప్పు దగ్గరే ఉంది. నలుగురున్న ఇంట్లో గుప్పెడు పప్పు ఉడకబెట్టి, నీళ్లు పోసి పలచగా కాచిన పప్పుచారులో మనిషి వాటాకు మూడు నాలుగు గ్రాముల ప్రోటీన్ కూడా రాదు. మిగతాది అన్నమూ పచ్చడీ. అలాంటి ఇంట్లో ప్రోటీన్ తక్కువైందంటే ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ లోటు పూడ్చడం వేరు, చాలినంత తినేవాడు దానికి రెట్టింపు తినడం వేరు. వ్యాపార ప్రకటనలు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని అమ్ముతున్నాయి.

రెట్టింపు తింటే కండ పెరుగుతుంది కదా అంటారు. బరువులెత్తి వ్యాయామం చేసేవాళ్లకు మామూలు ప్రమాణం కంటే ఎక్కువ ప్రోటీన్ ఉపయోగపడుతుందన్నది నిజమే. ఎంతవరకన్నది కూడా తెలిసినదే. 49 ప్రయోగాల ఫలితాలను కలిపి 2018లో ప్రచురించిన విశ్లేషణలో, కిలో బరువుకు సుమారు 1.6 గ్రాములు దాటాక కండ పెరుగుదలలో అదనపు లాభం కనబడలేదు. కండను పెంచే పని ప్రధానంగా వ్యాయామానిదే, అదనపు ప్రోటీన్ దానికి తోడ్పడేది కొంచెమేనని కూడా అదే విశ్లేషణ తేల్చింది. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేస్తూ మధ్యాహ్నం ఒక షేక్ తాగే మనిషి ఒంట్లో ఆ ప్రోటీన్ కండగా మారదు. అవసరానికి మించినదాన్ని శరీరం శక్తి కోసం ఖర్చు చేసుకుంటుంది, అదీ మిగిలితే కొవ్వుగా దాచుకుంటుంది.

బరువు తగ్గే సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ప్రోటీన్ తింటే కడుపు నిండినట్టు ఉంటుంది, దాన్ని అరిగించుకోవడానికి ఒంటికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అందుకే మొదటి నెలల్లో బరువు చప్పున దిగుతుంది, చేసినవాళ్లు ఉత్సాహంగా నలుగురికీ చెబుతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. అయితే 811 మందిని రెండేళ్లపాటు గమనించి 2009లో అమెరికాలో ప్రచురించిన ప్రయోగంలో, శక్తిలో 15 శాతం ప్రోటీన్ నుంచి తీసుకోమన్నవాళ్లూ 25 శాతం తీసుకోమన్నవాళ్లూ చివరికి తగ్గిన బరువు దాదాపు ఒకటే. అందులో చాలామంది తమకు చెప్పిన లెక్కకు కట్టుబడి ఉండలేకపోయారు కదా అని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ సరైనదే. కానీ పర్యవేక్షణ, సలహాలు, తూకాలు అన్నీ ఉన్నచోటే రెండేళ్లు నిలవని పద్ధతి, వేడి అన్నం వాసన వచ్చే మన వంటింట్లో ఎన్నాళ్లు నిలుస్తుందో ఆలోచించాలి.

ఇక కిడ్నీలు. ప్రోటీన్ విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే నైట్రోజన్‌ను కాలేయం యూరియాగా మారుస్తుంది, కిడ్నీలు దాన్ని వడగట్టి బయటికి పంపుతాయి. ఎక్కువ ప్రోటీన్ తింటే వడపోత వేగం పెరుగుతుంది. ఈ అదనపు ఒత్తిడి ఏళ్లు గడిచేకొద్దీ కిడ్నీని అరగదీస్తుందన్న ప్రతిపాదన 1982 నుంచీ ఉంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీల విషయంలో దానికి గట్టి రుజువు దొరకలేదు, ఈ మాట దాచకుండా చెప్పాలి. పౌడర్ తాగిన ప్రతివాడికీ కిడ్నీలు పోతాయనడం అన్యాయం. కానీ 1,624 మంది అమెరికన్ నర్సుల కిడ్నీ పనితీరును 11 ఏళ్ల తేడాతో పోల్చి 2003లో ప్రచురించిన పరిశోధన చెప్పిన రెండో సగం కూడా వినాలి. కిడ్నీలు సవ్యంగా ఉన్నవాళ్లలో ఎక్కువ ప్రోటీన్ వల్ల తేడా కనబడలేదు. అప్పటికే కొద్దిగా దెబ్బతిన్నవాళ్లలో మాత్రం, ముఖ్యంగా పాలు కాకుండా మాంసాహారం నుంచి ఎక్కువ ప్రోటీన్ తీసుకున్నవాళ్లలో, కిడ్నీ పనితీరు త్వరగా దిగజారింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, డయాలసిస్ దశకు చేరకముందు, వైద్యులు ప్రోటీన్ తగ్గించమని చెప్పేది అందుకే. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది, అప్పుడు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. పాత పథ్యం మనసులో పాతుకుపోయి, డయాలసిస్ మీదున్న మనిషికి కూడా పప్పూ గుడ్డూ పెట్టడానికి ఇంట్లోవాళ్లు భయపడితే ఆ మనిషి ఇంకా నీరసించిపోతాడు.

‘ఆరోగ్యవంతులకు ప్రమాదం లేదు’ అన్న మాటతో నాకున్న పేచీ ఇక్కడే. ఆరోగ్యవంతుణ్ణని ఎవరు, ఏ పరీక్ష చేయించుకుని చెబుతున్నారు? కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, వాపు చూపించదు. పనితీరు సగం పడిపోయేదాకా, కిడ్నీలు వడగట్టాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో మామూలుగానే కనబడవచ్చు. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనేనని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది. షుగర్, బీపీ కిడ్నీలను దెబ్బతీసే రెండు పెద్ద కారణాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస మండలాల వైపు షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పోతున్నాయి. కారణం ఇప్పటికీ తేలలేదు. ప్రోటీన్‌కూ ఆ జబ్బుకూ సంబంధం ఉందని నేను అనడం లేదు. కొబ్బరి, జీడి తోటల్లో రోజంతా పనిచేసే మనిషి, తాను గట్టిగానే ఉన్నాననుకుంటూ, కిడ్నీలు చాలావరకు చెడిపోయాక గానీ ఆసుపత్రి గడప ఎక్కని తీరును ఆ ప్రాంతం మనకు చూపించింది. అందుకే నలభై దాటినవాళ్లు, షుగర్ లేదా బీపీ ఉన్నవాళ్లు, ఇంట్లో కిడ్నీ జబ్బు చరిత్ర ఉన్నవాళ్లు డబ్బా తెరిచేముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించుకోవాలంటాను. కండ ఎక్కువున్నవాళ్లకు, క్రియాటిన్ సప్లిమెంట్ వాడేవాళ్లకు కిడ్నీలు బాగున్నా క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపవచ్చు కాబట్టి ఆ కాగితాన్ని వైద్యుడి చేతే చదివించుకోవాలి. ఆ పరీక్షల ఖర్చు ఒక డబ్బా ధరలో చిన్న వాటా.

ప్రోటీన్ మీద ఇంత మోజు పుట్టడం ఇది మొదటిసారి కాదు. పేద దేశాల పిల్లల అసలు లోటు ప్రోటీనేనని 1950, 60 దశకాల్లో ప్రపంచ సంస్థలు గట్టిగా నమ్మాయి. చేపల పొడి, నూనెగింజల పిండి, ఇంకా ఎన్నో మిశ్రమాల తయారీకి డబ్బు గుమ్మరించాయి. ఆ నమ్మకాన్ని ప్రశ్నించినవారిలో ముందు చెప్పిన తార్నాక సంస్థ పరిశోధకులు ముందున్నారు. ఒళ్లు ఉబ్బే క్వాషియార్కర్ వచ్చిన పిల్లలూ, ఎముకల గూడుగా చిక్కిపోయే మరాస్మస్ వచ్చిన పిల్లలూ తింటున్న తిండిలో చెప్పుకోదగ్గ తేడా లేదని డాక్టర్ సి. గోపాలన్ 1968లో చూపించారు. ఇద్దరికీ ముందు కడుపే నిండటం లేదు. తర్వాత హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల పిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన తీపి పదార్థాన్ని రోజూ పెట్టి చూశారు. అందులో 310 కేలరీలు ఉంటే ప్రోటీన్ 3 గ్రాములే. అయినా పిల్లలు ఎత్తూ బరువూ మెరుగ్గా పెరిగారు. 1973లో అచ్చయిన ఆ ఫలితం చెప్పింది ఒకటే. శక్తి చాలనప్పుడు శరీరం ఉన్న ప్రోటీన్‌ను కూడా పొయ్యిలో పెట్టేసుకుంటుంది, కడుపు నిండితేనే ప్రోటీన్ తన పని తాను చేస్తుంది. మరుసటి ఏడాది పోషకాహార నిపుణుడు డోనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ వైద్య పత్రికలో ఈ ప్రోటీన్ ప్రచారం మొత్తాన్నీ పెద్ద వైఫల్యంగా తేల్చి రాశారు. తార్నాకలో ఇంత తేలిన తర్వాత, అదే నగరంలో అన్నం మానేసి పౌడర్ తాగమనే సలహా ఇంత తేలిగ్గా చెల్లడం నాకు బాధగా ఉంటుంది.

ఇంతకీ ఎక్కువ ప్రోటీన్ ఎవరికి కావాలి? ముందుగా ముసలివాళ్లకు. వయసు మీదపడ్డాక అదే ప్రోటీన్ నుంచి శరీరం కట్టుకునే కండ తగ్గిపోతుంది. అందుకే 65 దాటినవాళ్లకు, కిడ్నీలు బాగుంటే, కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పళ్లు పోయాయని మాంసం మానేస్తారు, వాతమని పప్పు తగ్గిస్తారు, రాత్రి పూట తేలిగ్గా ఉండాలని రెండు ఇడ్లీలతోనో మజ్జిగన్నంతోనో సరిపెడతారు. తొడల్లో కండ కరిగి, బాత్రూమ్‌లో కాలుజారి తుంటి విరిగే మామ్మకు ఉడికించిన గుడ్డూ, మెత్తని ముద్దపప్పూ, గ్లాసు పాలూ మనవడి షేక్ కంటే ఎన్నో రెట్లు విలువైనవి. తర్వాత టీబీ రోగులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు. 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లో జరిగిన ప్రయోగంలో, టీబీ రోగి ఉన్న ఇంట్లోవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, కొన్ని విటమిన్లు ఇచ్చారు. అంతమాత్రానికే ఆ ఇళ్లలో కొత్తగా టీబీ జబ్బు రావడం 39 శాతం తగ్గింది. అక్కడ పనిచేసింది కూడా అన్నమూ పప్పూ కలిసిన కంచమే.

పప్పు ప్రోటీన్ అసంపూర్ణం, పైగా పౌడరైతే సులువు, తూకం తెలుస్తుంది అంటారు. మొదటి మాటకు జవాబు పైన చెప్పిన లైసిన్ లెక్కలోనే ఉంది. లక్షా ముప్ఫై వేల మందిని దశాబ్దాలపాటు గమనించిన 2016 నాటి అమెరికా అధ్యయనంలో, మాంసం ప్రోటీన్‌లో కొంత భాగాన్ని మొక్కల ప్రోటీన్‌తో భర్తీ చేసుకున్నవాళ్లలో మరణాలు తక్కువగా కనబడ్డాయి. అది పరిశీలనే తప్ప ప్రయోగం కాదు కాబట్టి పప్పు ఆయుష్షు పెంచుతుందని నేను అనను, పప్పును చిన్నచూపు చూడొద్దని మాత్రం అంటాను. తూకం సంగతికొస్తే, మన దేశంలో అమ్మే 36 పౌడర్లను పరీక్షించి 2024లో ప్రచురించిన పరిశీలనలో దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క సరికాదని తేలింది. కొన్నింటిలో రాసినదాంట్లో సగమే ఉంది. 14 శాతం నమూనాల్లో బూజు విషమైన అఫ్లాటాక్సిన్ దొరికింది. కండ పెంచడం కోసం ఇలాంటి పౌడర్ల జోలికి పోవద్దని జాతీయ పోషకాహార సంస్థ కూడా అదే ఏడాది తన మార్గదర్శకాల్లో చెప్పింది.

మిగిలిన అభ్యంతరం ఖరీదు. దీన్ని మాత్రం నేను తోసిపుచ్చలేను. కంది పండే తాండూరు మన దగ్గరే ఉన్నా, కూలి డబ్బుతో బతికే ఇంట్లో పప్పు పలచనవడానికి కారణం తెలియకపోవడం కాదు, ధర. రేషన్‌లో బియ్యం కిలోల్లో వస్తున్నాయి, పప్పు వస్తే వచ్చినట్టు. అంగన్‌వాడీలో గర్భిణులకు గుడ్డు, పాలు ఇస్తున్నారు, బడి పిల్లలకు గుడ్డు పెడుతున్నారు, ఇవి మంచి పనులు. ఒంటరిగా బతికే ముసలివాళ్ల కంచం సంగతి మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో పింఛను ఇంటి గుమ్మం దాకా వస్తోంది. జార్ఖండ్‌లో ఇచ్చినట్టు మనిషికి నెలకు కిలోన్నర పప్పు ఆ చేత్తోనే అందించడానికి కొత్తగా ఎవరినీ గుర్తించనక్కర్లేదు. పింఛనుదార్ల జాబితా సిద్ధంగానే ఉంది.