బండి దిగిన నాన్న

సాలూరులో లారీతో పని లేని కొంప తక్కువ. రాయ్‌పూర్ రోడ్డు మీద బతికే ఊరు మరి. డ్రైవరు ఇంట్లో బిడ్డకి నాన్న అంటే నెలకి కొన్ని రోజులే. బువ్వ గిన్నె దగ్గర గొడవంతా ఆ రోజుల్లోనే.

మా వీధిలో ఒక రెండేళ్ల గుంటడికి తల్లి పప్పన్నం మెత్తగా పిసికి పెడుతోంది. నాలుగు ముద్దలు తిని మూతి తిప్పేశాడు. తెల్లారే బండి దిగిన తండ్రికి మనసు ఆగలేదు. "గుంటడు చిక్కిపోనాడు కదే, ఏటి పెడతన్నావు?" అంటూ చిప్స్ పేకెట్టు చింపి చేతికిచ్చాడు. "నువ్వెల్లిపోతావు మావా. రేపట్నుంచి దానికోసం ఏడిస్తే ఎవులు పడతారు?" అందామె. గుంటడు ఇద్దరినీ చూసి, పేకెట్టుతో సహా తండ్రి ఒళ్లోకి జరిగాడు.

అతని మీద నాకు కోపం రాలేదు. ఇన్నాళ్ల ఎడబాటును ఒక పేకెట్టుతో తీర్చేద్దామనుకున్నాడు. కాకపోతే బిడ్డ ముందు ఆమె మాటకి విలువ పోయింది.

ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల వంతు. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల వంతు అంటుంది అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్. పెద్దలిద్దరిదీ ఒకే మాటైతేనే ఈ పంపకం నిలుస్తుంది. ఒకరు చాలంటే ఇంకొకరు కుక్కితే, కడుపు నిండిందన్న బిడ్డ మాట వినేదెవరు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు నల్గొండ జిల్లా పల్లెల్లో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. ఏం పెట్టాలో చెప్పడంతో ఆగకుండా, బిడ్డ ఆకలి సైగలు కనిపెట్టి, ఆడిస్తూ ఎలా పెట్టాలో కూడా నేర్పిన చోట పిల్లల తిండీ, తెలివితేటల ఎదుగుదలా మెరుగుపడ్డాయి. గొప్ప పనే. అయితే పాఠం చెప్పింది తల్లులకి. ఇక్కడా అంతే, అంగన్‌వాడీలో బాలామృతం పేకెట్టు తెచ్చుకునేదీ, సలహాలు వినేదీ ఆమే.

జగదల్‌పూర్ ఢాబా నుంచి ఫోన్ చేసే తండ్రి "తిన్నాడా?" అని ఆరా తీస్తాడు. దానికి బదులు "ఏం పెడుతున్నావు, నేనొచ్చాక అదే పెడతాను" అంటే ఆమెకి సగం బరువు దిగుతుంది. ఇంట్లో ఉన్న రోజుల్లో చోడి జావో, అరటిపండో, వేళ తప్పకుండా అతనే పెట్టాలి.

అంగన్‌వాడీ టీచరమ్మలకి ఒక మనవి. ఈసారి తల్లుల మీటింగు పెట్టినప్పుడు, బండి ఊళ్లో ఉన్న నాన్నలకీ కబురంపండి.