డాక్టరు వచ్చేలోపు

అమెరికాలోని నెబ్రాస్కా పల్లెల్లో గుండెనొప్పితో వచ్చిన రైతు నొప్పి అనడు. "కాస్త పట్టేసినట్టుంది, అంతే" అంటాడు. నేను నర్సు పని నేర్చుకున్న గుంటూరులో మంచం చుట్టూ నలుగురు బంధువులు నిలబడి, రోగి బాధను రోగికన్నా గట్టిగా చెప్పేవారు. ఇక్కడాయన పశువులకు మేత వేసి, కొట్టం తలుపులు మూసి, తనే ట్రక్కు నడుపుకుంటూ వస్తాడు. అందుకే మాటకన్నా మనిషిని చూడటం అలవాటైంది. నుదుటిమీద చల్లటి చెమట, పాలిపోయిన పెదాలు, ఛాతీకి ఆనించిన పిడికిలి. ఇవి కనిపిస్తే ఇన్సూరెన్స్ వివరాలు తర్వాత, ముందు ఈసీజీ. పది నిమిషాల్లో ఆ కాగితం చేతికి రావాలి.

మాది 'క్రిటికల్ యాక్సెస్' ఆసుపత్రి. పల్లె ఆసుపత్రులు మూతపడుతుంటే వాటిని నిలబెట్టడానికి 1997లో అమెరికా తెచ్చిన ఏర్పాటు ఇది. మంచాలు 25కు మించకూడదు, ఎమర్జెన్సీ మాత్రం రాత్రింబగళ్లు నడవాలి. డాక్టరు ఎప్పుడూ ఆసుపత్రిలోనే ఉండాలని లేదు. పిలిస్తే 30 నిమిషాల్లో రావాలి, మరీ మారుమూలైతే గంటలో. ఆ కాస్త సమయం నర్సుది. ముందే రాసిపెట్టిన ప్రోటోకాల్ ప్రకారం ఐవీ పెట్టి, రక్తం తీసి, ఆస్పిరిన్ నమిలించి, డాక్టరుకు ఫోన్లో చెబుతూ ఉంటాం. పెద్ద ఆసుపత్రిలో గుండెజబ్బులకో నర్సు, కాన్పులకో నర్సు. ఇక్కడ గడ్డిమోపులు కట్టే యంత్రంలో చెయ్యి నలిగిన కుర్రాడు, జ్వరంతో పసిబిడ్డ, తుంటి ఆపరేషనయ్యి కోలుకుంటున్న అవ్వ, ఒకే రాత్రి అందరూ నావాళ్లే.

అన్నిటికన్నా కష్టం, పెద్ద ఆసుపత్రికి పంపాలని నిర్ణయించడం. గుండెపోటు రోగిని, రక్తనాళం తెరిచే క్యాథ్ ల్యాబ్‌కు రెండు గంటల్లోపు చేర్చలేమనిపిస్తే, తగినవాళ్లకు గడ్డ కరిగించే మందు ఇక్కడే ఇచ్చి పంపాలి. మంచు తుఫానులో హెలికాప్టర్ ఎగరదు, రోడ్డుమీద అంబులెన్సూ నత్తనడకే. అందుకే రోగి ఇంకా బాగా మాట్లాడుతుండగానే వాతావరణం కనుక్కుంటాం. తొందరగా ఫోన్ చేసే నర్సును పిరికిదనుకునేవాళ్లు ఉంటారు. నా లెక్కలో పనితనమంటే అదే. తెల్లవారుజాము దాకా చూద్దాంలే అనుకోవడానికి ఇక్కడ వీల్లేదు.

ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్ష పాసై వీసా కోసం ఎదురుచూస్తున్న చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఇలాంటి చోటికి రండి, పని పూర్తిగా నేర్చుకుంటారు. కాకపోతే ఏజెంటును జీతంతోపాటు ఇవి కూడా అడగండి: రాత్రిపూట ఎమర్జెన్సీలో పక్కన మరో నర్సు ఉంటుందా, ఎన్ని వారాలు శిక్షణ ఇస్తారు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి. జవాబులు కాగితంమీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.