పువ్వును కాదు, అతుకును చూడండి

వాల్‌పేపర్ కొనడానికి దుకాణానికి వెళితే, జానెడేసి ముక్కలు అతికించిన లావుపాటి పుస్తకం మన ముందు పెడతారు. నాలుగు పేజీలు తిప్పుతాం. ఒక పువ్వు నచ్చుతుంది, ఖాయం చేసేస్తాం. అదే పువ్వు భోజనాల గది గోడంతా వందసార్లు పూసేసరికి, కంచం ముందు కూర్చున్నవాళ్ల చూపు అన్నం మీద నిలవదు. తప్పు పువ్వుది కాదు. ఒక పువ్వు పక్కకి మరో పువ్వు ఎలా వచ్చి చేరుతుందో మనం చూడలేదు, అంతే. ఆ చేరికనే ఒక విద్యగా పండించిన సంప్రదాయం ఇంగ్లండ్ చెక్క అచ్చుల వాల్‌పేపర్‌ది.

ఆ కథ మొదట్లో మన తీరం కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుంది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఓడలెక్కి ఇంగ్లండ్ ఇళ్లలో తెరలయ్యాయి, పరుపుల మీది దుప్పట్లయ్యాయి, గోడలకూ ఎక్కాయి. లండన్‌లో నౌకాదళ అధికారిగా ఉన్న శామ్యూల్ పీప్స్, భార్య చదువుకునే గది గోడలకు కట్టడానికి భారతదేశపు రంగుల బట్ట కొన్నానని 1663 సెప్టెంబరులో తన డైరీలో రాసుకున్నాడు. ఈ మోజుకు అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో అద్దకం బట్టల దిగుమతిని, 1721లో వాటి వాడకాన్ని చట్టాలు చేసి కట్టడి చేశారు. గోడ మీది పూల సరదా మాత్రం చట్టాలతో చావలేదు. అవే తీగలను, అవే మొగ్గలను కాగితం మీద అచ్చువేసి అతికించుకున్నారు. కాగితం మీద 1712లో పడ్డ పన్ను 1836 దాకా ఉన్నా ఆ సరదా ఆగలేదు.

భోజనాల గదికి మరో చిక్కు ఉండేది. బట్ట వాసన పట్టేస్తుంది. పట్టు తెరలు, అల్లిక తెరలు వేలాడదీస్తే నిన్నటి మాంసం వాసన ఇవాళ్టి విందులో కూడా ఉంటుందని, ఈ గదికి బట్ట వద్దని, సున్నపు నగిషీ చాలని 1773 ప్రాంతంలోనే రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి చెప్పాడు. పీల్చేది తక్కువ, మార్చడం తేలిక కాబట్టి కాగితానికి ఇక్కడ చోటు దొరికింది.

ఈ విద్య శిఖరాన్ని చూడాలంటే విలియం మోరిస్ (1834–1896) దగ్గరికి వెళ్లాలి. అప్పటికే ఆవిరి యంత్రాలు చవకగా మైళ్లకొద్దీ కాగితం అచ్చువేస్తున్నాయి. ఆయన మాత్రం పట్టుబట్టి చేతి అచ్చులనే నమ్ముకున్నాడు. తోటలోని కర్రల పందిరి మీద గులాబీలు అల్లుకున్న ‘ట్రెలిస్’ను 1862లో గీశాడు. అది మొదలు సుమారు యాభై డిజైన్లు చేశాడు. వాటిలో 1876 నాటి ‘పింపర్‌నెల్’ ఆయన సొంత భోజనాల గదికే ఎక్కింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున హామర్‌స్మిత్‌లోని కెల్మ్‌స్కాట్ హౌస్‌లో 1878 నుంచి చనిపోయేదాకా ఉన్నాడు. ఆ ఇంటి భోజనాల గదిలో ఒక గోడ మీద పెద్ద పర్షియన్ తివాచీ, తక్కిన గోడల మీద మెలికలు తిరిగిన కాడలు, పెద్ద పూలు, వాటి సందుల్లో చిన్నచిన్న పింపర్‌నెల్ పూలు. రోజూ భోజనానికి కూర్చునే చోట అంత పూల పని పెట్టుకున్నా కళ్లు అలిసిపోకపోవడానికి కారణం డిజైన్ కట్టుబడిలో ఉంది.

ముందు పని ఎలా జరిగేదో చూద్దాం. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. పియర్ చెట్టు కట్టెలో బొమ్మను పైకి నిలిచేలా చెక్కుతారు. సన్నని గీతలకు ఇత్తడి రేకులు దిగ్గొడతారు. వెడల్పు చోట్ల రంగు సమానంగా అంటడానికి ఉన్ని ముద్ద నింపుతారు. సుద్ద, జిగురు కలిపిన రంగును తడి ఉన్ని బట్ట మీద పరిచి, అచ్చును దానికి అద్ది, కాగితం మీద మోపి గట్టిగా నొక్కుతారు. అచ్చు మూలల్లోని చిన్న మేకులు వదిలిన చుక్కలే తర్వాతి అచ్చుకు గుర్తు. ఒక రంగు ఆరాకే మరో రంగు. 1875 నాటి ‘అకాంథస్’కు 15 రంగులు, 30 అచ్చులు పట్టాయి. సెయింట్ జేమ్స్ ప్యాలెస్ కోసం 1880 ప్రాంతంలో చేసినదానికి 68 అచ్చులు.

అచ్చులు పెరిగిన కొద్దీ గొప్పదనం పెరుగుతుందనుకోవద్దు. అసలు నైపుణ్యం బొమ్మ మళ్లీ ఎక్కడ మొదలవుతుందో కంటికి దొరక్కుండా దాచడంలో ఉంది. దానికి రెండు ఉపాయాలు. ఒకటి, కాడను కాగితం అంచు దాటించి పక్క పట్టీలోకి పాకించడం. అప్పుడు చూపు అతుకు దగ్గర ఆగదు, తీగ వెంట పోతుంది. రెండోది, పక్క పట్టీలో బొమ్మను సగం కిందికి దింపి మొదలుపెట్టడం. పువ్వుకు సరిగ్గా పక్కన పువ్వు రాదు, పై పువ్వుకూ కింది పువ్వుకూ నడిమి ఎత్తులో వస్తుంది. అడ్డవరసలు చెదిరి గోడ ఒక్కటిగా కనిపిస్తుంది.

పెడనలో కలంకారీ అద్దేవాళ్లను చూసినవాళ్లకు ఇదేమీ కొత్తగా ఉండదు. వాళ్లవి టేకు అచ్చులు. ముందు గీతల అచ్చు, తర్వాత రంగు నింపే అచ్చు. మేకుల చుక్కలకు బదులు చేతి అలవాటే కొలత. అక్కడ బాగా అద్దిన దుప్పటి మీద ఒక అచ్చు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించమంటే తడుముకుంటాం. పనితనానికి పరీక్ష రెండుచోట్లా ఒకటే.

ఇక మన ఇంటి సంగతి. నమూనా ముక్క చూసి డబ్బు కట్టకండి. కనీసం రెండు పట్టీలు పక్కపక్కన పరిపించుకుని, కళ్లు సగం మూసి చూడండి. నల్లని మచ్చల వరసలో, ఏటవాలు చారలో పైకి లేస్తే, రేపు గోడ మీద రోజూ అవే కనిపిస్తాయి. భోజనాల గదిలో మనం కూర్చుంటాం కాబట్టి కూర్చునే చూడాలి, రాత్రి ఆ గదిలో వెలిగే దీపం కిందే చూడాలి.

బొమ్మ మళ్లీ ఎన్ని సెంటీమీటర్లకు వస్తుందో అడగండి, లెక్క దాన్ని బట్టే ఉంటుంది. చుట్ట పొడవు దాదాపు 10 మీటర్లు. పదడుగుల గోడకు సాదా కాగితమైతే చుట్టకు మూడు పట్టీలు వస్తాయి. సెయింట్ జేమ్స్ డిజైన్‌లా 127 సెంటీమీటర్లకోసారి బొమ్మ తిరిగొస్తే, అతుకు కలవడానికి పట్టీకి 381 సెంటీమీటర్లు కోయాలి. రెండే వస్తాయి, మిగతాది వృథా.

కుర్చీల వీపులు రాసుకునే మూడడుగుల ఎత్తు దాకా రంగో చెక్కో వేసి, పైనే కాగితం వెయ్యండి. చేతులు కడుక్కునే చోట, పోపు పొగ తగిలే గోడకు వద్దు. సుద్ద రంగుల చేతి అచ్చు కాగితాన్ని తడిగుడ్డతో తుడిస్తే రంగే పోతుంది. తుడవక తప్పని ఇంట్లో వినైల్ పూతది తీసుకోవడమే తెలివి. వానాకాలంలో చెమ్మగిల్లే గోడకు ఏ కాగితమూ నిలవదు, ముందు కారే చోటు బాగుచేయించాలి.

ఇవన్నీ చూసుకున్నాక పెద్ద పువ్వైనా ధైర్యంగా ఎంచుకోవచ్చు. పడకగదిలా గంటలకొద్దీ ఉండే చోటు కాదిది, రోజుకు రెండుమూడు సార్లు నలుగురూ చేరే చోటు. అతుకు కనిపించని కాగితం అక్కడ ఎంత నిండుగా ఉన్నా బరువనిపించదు. అతుకు దొరికిపోయేది ఎంత ఖరీదు పెట్టి కొన్నా, అన్నం తింటూ లెక్కపెట్టుకోవడానికి తప్ప పనికిరాదు.