ఎడిత్ హోల్డెన్ నోట్‌బుక్‌లో చేతిరాత

స్క్రాప్‌బుక్కులు పెట్టేవాళ్లలో చాలామందికి ఒకటే బెంగ. ఫొటోలు పొందిగ్గా అతికిస్తారు. ఎండిన పువ్వు, రైలు టికెట్టు, శుభలేఖ ముక్క, అన్నీ ముచ్చటగా సర్దుతారు. పక్కన నాలుగు మాటలు రాయమంటే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ‘నా రాత కోడి కెలికినట్టు ఉంటుందండీ’ అని కంప్యూటర్లో టైపు చేసి, ప్రింటు తీసి, కత్తిరించి అంటిస్తారు. అలాంటివాళ్ల చేతిలో పెట్టదగ్గ పుస్తకం ఒకటుంది: ‘ది కంట్రీ డైరీ ఆఫ్ ఎన్ ఎడ్వర్డియన్ లేడీ’.

ఇది రాసిన ఎడిత్ హోల్డెన్ అచ్చు కోసం రాయలేదు. 1871లో పుట్టిన ఈ ఇంగ్లీషు చిత్రకారిణి బర్మింగ్‌హామ్ ఆర్ట్ స్కూల్లో చదువుకుంది. జంతువుల బొమ్మలు వెయ్యడం నేర్చుకోవడానికి స్కాట్లండు వెళ్లింది. 1906లో వార్విక్‌షైర్‌లోని ఓల్టన్‌లో ఉంటూ, ఏడాది పొడుగునా కంటపడ్డ పూలు, పిట్టలు, సీతాకోకచిలుకలు ఒక నోట్‌బుక్‌లో నీటిరంగులతో వేసుకుంది. పక్కనే ఏ రోజు ఏం చూసిందో రాసుకుంది. 1920లో థేమ్స్ నదిలో మునిగి చనిపోయింది. నోట్‌బుక్ కుటుంబం దగ్గరే ఉండిపోయి, 1977లో పుస్తకమై లక్షల కాపీలు అమ్ముడుపోయింది.  

ప్రచురించినవాళ్లు చేసిన తెలివైన పని ఒక్కటే. ఆవిడ రాతని అచ్చక్షరాల్లోకి మార్చకుండా, పేజీని పేజీగానే ఫొటో తీసి వేశారు. బొమ్మలు మాత్రం తీసుకుని, మాటలు టైపులో పెట్టి ఉంటే అది మరో పూల పుస్తకం అయ్యేది.

నిజం చెప్పాలంటే, ఆ రాత గొప్ప రాతేం కాదు. ఒక్కో అక్షరాన్ని విడిగా చూస్తే విశేషమేమీ కనపడదు. బళ్లో నేర్పిన బాపతు కలిపిరాత. హంగులు లేవు, మెలికలు లేవు. పనితనమంతా ఆ రాతని ఎక్కడ పెట్టిందన్న దాంట్లో ఉంది.

ఏ నెలైనా తెరిచి చూడండి. ముందు నెల పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ పేరు ఎలా వచ్చిందో, ఆ నెలలో వచ్చే పర్వదినాలేవో, దాని మీద రైతులు చెప్పుకునే సామెతలేవో కింద రాసి ఉంటాయి. తర్వాత తేదీలవారీగా తను చూసినవి. మధ్యమధ్యలో తనకిష్టమైన కవుల పద్యాలు. ఇక పువ్వు పక్కన దాని వాడుక పేరు, దాని లాటిన్ పేరు చిన్న రాతలో. టైపులో అయితే ఇన్ని రకాల మాటల తేడా తెలియడానికి మూడు ఫాంట్లు వాడతాం. ఆవిడ ఒక్క చేత్తోనే, అక్షరం సైజు పెంచీ తగ్గించీ సరిపెట్టింది. కొమ్మ అడ్డొచ్చిన చోట పంక్తి పొట్టిదవుతుంది, ఖాళీ దొరికిన చోట పద్యం కూర్చుంటుంది. బొమ్మ వేసిన చెయ్యే మాటా రాసింది కనక రెండింటికీ పేచీ లేదు. ప్రింటు తీసి అంటించిన చీటీకి ఈ సర్దుబాటు తెలియదు. అది నలుచదరంగా వచ్చి కూర్చుంటుంది, పక్కవాళ్లే జరగాలి.

మనకి బొమ్మా అక్షరమూ ఒకే చేతిలో ఉండడం కొత్త కాదు, చిత్రకారుడు బాపుగారు చేసి చూపించారు. ఆయన రాత కంప్యూటర్ ఫాంటు కూడా అయింది, శుభలేఖల మీద ఇప్పటికీ వెలుగుతోంది. నాకూ ఇష్టమే. కానీ ఫాంటులో ‘మ’ పదిసార్లొస్తే పదీ ఒకటే మూసలో ఉంటాయి. చేత్తో రాస్తే ఏ రెండూ ఒక్కలా రావు. స్క్రాప్‌బుక్‌లో అందమైన ఫాంటు పెట్టినా అది బాపుగారి రాతే అవుతుంది గాని మన అమ్మమ్మ రాత అవదుగా.

హోల్డెన్ దగ్గర నేర్చుకున్నది తెలుగులో చెయ్యాలంటే ఒక చిక్కుంది. మన అక్షరానికి ఇంగ్లీషు అక్షరం కన్నా నిలువుగా ఎక్కువ చోటు కావాలి. ‘నందివర్ధనం’ అన్న ఒక్క మాటలోనే గుడి పైకి లేస్తుంది, ధ వత్తు కిందికి దిగుతుంది. ‘రాష్ట్రం’ లాంటి మాటకి రెండు వత్తులకి చోటివ్వాలి. ఇంగ్లీషు కొలతలో గీసిన రూళ్లలో రాస్తే కింది పంక్తి గుడులు, పై పంక్తి వత్తులు కొట్టుకుంటాయి. రూళ్లు లేని కాగితం తీసుకుని, పెన్సిల్‌తో సన్నగా, వెడంగా గీతలు గీసుకుని, రాసి ఆరాక చెరిపేస్తే సరిపోతుంది. పువ్వు పేరు కాస్త చిన్నగా, కబురు కాస్త పెద్దగా రాస్తే చాలు, పేజీకి ఒక తీరొస్తుంది. చెడిపోతుందని భయమైతే విడిగా చీటీ మీద రాసి అతికించండి. చీటీ మీదున్నదీ మీ రాతే.

సిరా విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. మామూలు రంగు సిరా వెలుతురుకి వెలిసిపోతుంది, తడి తగిలితే పారుతుంది. పిగ్మెంట్ సిరా ఉన్న సన్న మొన పెన్ను కొనుక్కుంటే అలా కాదు. ఫొటో వెనక బాల్‌పెన్నుతో ఒత్తి రాస్తే ముందువైపు మొహాల మీద గాట్లు తేలతాయి. అక్కడ మెత్తటి పెన్సిల్‌తో, అంచున, తేలిగ్గా రాయాలి.

ఏ రోజుది ఆ రోజు తేదీ వేసి రాసుకునే పట్టింపు కూడా హోల్డెన్ దగ్గర తీసుకోదగ్గదే. మన ఆల్బమ్‌లలో ‘పిన్ని, బాబాయి, తిరుపతి’ అని ఉంటుంది గాని ఏ ఏడో ఉండదు. ఏ మొక్కో, గుండు ఎవరిదో అసలే ఉండదు. అడుగుదామంటే పిన్ని ఉండదు.